శ్రుతి పెట్టెకూ శ్రుతి చేయాలి

సంపాదక మహాశయా,

సంగీతం క్లాసులో పిల్లను చేర్పించగానే తల్లిదండ్రులు మొదట కొనేది ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె, పాటకు ఆధారంగా ‘స’, ‘ప’లను ఆగకుండా మోగించే యంత్రం. లేదంటే ఫోనులో తంబుర యాప్ దించుకుంటారు. మంచిదే. నాలుగు తంత్రుల తంబుర తెచ్చి, బిరడలు బిగించి, పూసలు జరిపి, గుర్రం మీద జీవా దారం సర్ది శ్రుతి చేసుకోవడం ఎనిమిదేళ్ల పిల్ల వల్ల కాదు. వాళ్ల అమ్మకూ ఆ పని రాకపోవచ్చు. అయితే మీట నొక్కగానే మోగుతుంది కదా, ఇక దీనికి శ్రుతి చేసే పనేముందన్న నమ్మకం ఇంటింటా పాతుకుపోయింది. పాఠం చెప్పేవాళ్లలోనూ చాలామంది ఆ ఊసెత్తరు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ నమ్మకమే.

తిత్తితో ఊదే పాత శ్రుతి పెట్టె స్థానంలోకి ఈ యంత్రాలు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. ఇంజనీరూ వేణు విద్వాంసుడూ అయిన జి.రాజ్‌నారాయణ్ 1979లో బెంగళూరులో రాడెల్ సంస్థ పెట్టి శ్రుతి పెట్టె, తంబుర, తాళం యంత్రాలు తయారుచేశారు. ఆ తర్వాత మరికొందరు వచ్చారు, ఆపైన ఫోన్లు వచ్చాయి. తొలితరం పెట్టెల్లో స్వరం పుట్టేది కెపాసిటర్లు, రెసిస్టర్లతో అల్లిన సర్క్యూట్‌లో. అది వేడెక్కేకొద్దీ స్వరం జరుగుతుంది, బ్యాటరీ నీరసిస్తే ఇంకాస్త జరుగుతుంది. ఇలాంటివి ఇప్పటికీ చాలా ఇళ్లలో అటక మీద ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి కూడా. పారేయనక్కర్లేదు. వేసిన పది నిమిషాల తర్వాత శ్రుతి చేసి, అరగంటకోసారి సరిచూసుకుంటే చాలు. కొత్త డిజిటల్ యంత్రాల్లో ఈ జారుడు ఉండదు. వాటి తప్పు వేరేచోట ఉంది.

ఆ తప్పు పంచమంలో, అంటే ‘ప’ స్వరంలో ఉంది. షడ్జానికి (‘స’కు) సరిగ్గా ఒకటిన్నర రెట్లు పౌనఃపున్యం ఉంటేనే పంచమం షడ్జంలో కలిసిపోతుంది. కీబోర్డులో స్థాయిని (‘స’ నుంచి పై ‘స’ వరకు) పన్నెండు సమాన భాగాలు చేస్తారు కాబట్టి అక్కడి పంచమం వెంట్రుకవాసి తక్కువగా ఉంటుంది. ఒక్కో అర స్వరానికి 100 సెంట్లు అనుకుంటే, శుద్ధమైన పంచమం 702 సెంట్ల దగ్గర ఉంటుంది, కీబోర్డు పంచమం 700 దగ్గర. రెండు సెంట్లే కదా అనిపిస్తుంది. ఐదున్నర శ్రుతి (కీబోర్డులో ఐదో తెల్ల మెట్టుకు పైనున్న నల్ల మెట్టు) పెట్టుకున్న ఆడపిల్ల తంబురలో మంద్ర షడ్జం (కింది స్థాయి ‘స’) సుమారు 103.83 హెర్ట్జ్. దాని మూడో అనుస్వరం (అదే తంత్రిలో మూడు రెట్ల పౌనఃపున్యంతో మోగే పై స్వరం) 311.48. కీబోర్డు లెక్కన పెట్టిన పంచమం తంత్రి రెండో అనుస్వరం 311.13. ఈ రెండూ కలిసి మోగితే దాదాపు మూడు సెకన్లకు ఒకసారి నాదం ఉబ్బి తగ్గుతుంది. భౌతికశాస్త్రం పుస్తకాల్లో విస్పందనాలు అని చదువుకున్నది దీన్నే. పై అనుస్వరాల దగ్గర ఈ ఊపు ఇంకా వేగంగా ఉంటుంది. ఆ ఊగే పంచమం పక్కన రోజూ గంటసేపు సాధన చేసిన చెవికి నిలకడగా ఉన్న పంచమం ఎలా ఉంటుందో ఎప్పటికీ తెలియదు.

గాంధారం సంగతి ఇంకా తీవ్రం. మంచి తంబుర మంద్ర షడ్జం తంత్రిని మీటితే అందులోంచి అంతర గాంధారం (హెచ్చు ‘గ’) దానంతటదే వినిపిస్తుంది. పెద్దలు దాన్ని స్వయంభూ స్వరం అన్నారు. అది తంత్రి ఐదో అనుస్వరం. షడ్జానికి ఒకటింపావు రెట్లు, అంటే 386 సెంట్లు. కీబోర్డు గాంధారం 400. ఆ ఐదున్నర శ్రుతిలోనే చూస్తే, తంబుర చెప్పే గాంధారం 259.6 హెర్ట్జ్, కీబోర్డు చెప్పేది 261.6. తేడా పద్నాలుగు సెంట్లు. శంకరాభరణం, మోహన, కల్యాణి రాగాలు పాడే పిల్లలు గాంధారాన్ని హెచ్చు చేసి పాడుతున్నారని గురువులు తిడుతుంటారు. ఆ ఇంట్లో స్వరాలు కీబోర్డు మీద చూసుకుని సాధన చేస్తున్నారేమో ముందు అడగాలి. షడ్జం, పంచమాల వరకు కీబోర్డు వాడుకోవచ్చు, అంతకు మించి వద్దు.

వీణ పిల్లలకు ఇదే తప్పు ఇంకో దారిలో వస్తుంది. మేళం కట్టేటప్పుడు, అంటే వీణకు మెట్లు అమర్చేటప్పుడు, ఫోనులో ట్యూనర్ పెట్టి, ముల్లు నడిమికి వచ్చినచోట మైనంలో మెట్టు గుచ్చేస్తున్నారు. ఆ ముల్లుకు తెలిసింది కీబోర్డు లెక్క ఒక్కటే. గాంధారం మెట్టు పద్నాలుగు సెంట్లు పైన కూర్చుంటే దాన్ని దించే ఉపాయం వేలికి లేదు. తంత్రి లాగితే స్వరం పైకే పోతుంది గానీ కిందికి రాదు. ఇరవై నాలుగు మెట్లనూ చెవితో, తంబుర ముందు పెట్టుకుని కట్టాల్సిందే. ట్యూనర్‌ను సారణి తంత్రి షడ్జానికి మాత్రం వాడుకోవచ్చు.

ఇక శ్రుతి చేసే విధానం. పెట్టె మీద మామూలుగా నాలుగు గుండీలు ఉంటాయి: శ్రుతి ఎంచుకునేది, దాన్ని సన్నగా సవరించేది, పంచమాన్ని మధ్యమానికో నిషాదానికో మార్చేది, ఆ స్వరాన్ని విడిగా సవరించేది. మొదట పంచమం వినిపించకుండా చేసి, లేదా వీలైనంత తగ్గించి, షడ్జాన్ని సరిచేయాలి. పక్కన వయొలిన్, వీణ ఉంటే వాటితో, లేకపోతే ట్యూనర్‌తో. తర్వాత పంచమం పెంచి, కళ్లు మూసుకుని, నాదం ఉబ్బి తగ్గుతోందా అని వినాలి. సవరణ గుండీని ఒక పక్కకు కొంచెం తిప్పితే ఊపు వేగం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. తగ్గేవైపు తిప్పుతూ పోతే ఒకచోట ఊపు నిలిచిపోతుంది. అదే పంచమం. అది దాటితే మళ్లీ ఊపు మొదలవుతుంది కాబట్టి దాటి వెనక్కి రావడం మంచి అలవాటు. యాప్‌లో అయితే శ్రుతి పద్ధతి అనే చోట సమాన విభజన ఉందో, శుద్ధ స్వరాలు ఉన్నాయో చూసి శుద్ధానికి మార్చాలి. ఎ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో కూడా చూడాలి. కొన్ని యాప్‌లు 432 దగ్గరికి మార్చుకునే వీలిస్తాయి, పిల్లలు ఆడుకుంటూ అక్కడ వదిలేస్తారు. మర్నాడు క్లాసులో గురువుగారి శ్రుతికీ వీళ్ల గొంతుకూ అర స్వరంలో మూడో వంతు తేడా వస్తుంది.

కొనేముందు దుకాణంలో రెండు నిమిషాలు ఆగకుండా వినడం అవసరం. యాప్‌లు, చవక యంత్రాలు చాలావాటిలో ఉండేది ఒక అసలు తంబుర రికార్డింగ్ ముక్క, దాన్నే తిప్పితిప్పి మోగిస్తాయి. అతుకు దగ్గర చిన్న టిక్కు వినిపిస్తే ఆ యంత్రం వద్దు. ఒక శ్రుతిలో రికార్డు చేసి మిగతా శ్రుతులకు సాగదీసినవైతే, ఒకటో శ్రుతిలో గంభీరంగా ఉన్న నాదం ఆరుకు వచ్చేసరికి ముక్కుతో పలికినట్టు అవుతుంది. అందుకని మీ పిల్ల పాడే శ్రుతిలో పెట్టించి వినండి, అమ్మేవాళ్లు పెట్టి చూపించే శ్రుతిలో కాదు.

స్పీకరు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫోను స్పీకరు వందా నూట యాభై హెర్ట్జ్ నాదాన్ని దాదాపు పలికించలేదు. మంద్ర షడ్జం వింటున్నామని మనం అనుకునేది దాని పై అనుస్వరాలను బట్టి మెదడు కట్టుకున్న ఊహ. మగవాళ్ల శ్రుతిలో అయితే మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, ఫోనులో దాని జాడ కూడా దొరకదు. ఫోనే గతి అనుకుంటే కనీసం ఒక మంచి స్పీకరుకు కలపండి. బ్లూటూత్ స్పీకరు తంబురకు ఏ ఇబ్బందీ పెట్టదు.

పెట్టెలోంచి వచ్చే గుయ్యిమనే శబ్దాన్ని జీవాళి (జీవా దారం వల్ల తంబురకు వచ్చే నిండు మోత) అనుకునేవాళ్లూ ఉన్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసి అడాప్టరు అందులోంచి 100 హెర్ట్జ్ రొదను పెట్టెలోకి వదులుతుంది. ఐదో శ్రుతి మంద్ర షడ్జం 98, ఐదున్నరది 103.8. సరిగ్గా ఆ రెండింటి మధ్యన వచ్చి కూర్చుంటుంది ఈ రొద. ఆడపిల్లలు ఎక్కువగా పాడే శ్రుతులు ఇవే కావడం మన దురదృష్టం. బ్యాటరీ మీద వేసినప్పుడు రొద పోతే తప్పు అడాప్టరుది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి రొద 120 దగ్గర ఉంటుంది. ఇక్కడి నుంచి 230 వోల్టుల అడాప్టరు పట్టుకెళ్లి అక్కడి 120 వోల్టులకు తగిలిస్తే యంత్రం నీరసంగా మోగుతుంది లేదా మోగనే మోగదు. పోయిన అడాప్టరుకు బదులు ఇంకోటి కొనేటప్పుడు వోల్టులతో పాటు పిన్ను నడుమ ప్లస్సో మైనస్సో చూడాలి. తిరగబడితే పెట్టె కాలిపోతుంది. స్పీకరు కాగితం చిరిగినా ఝుమ్మంటుంది, దుమ్ము పట్టిన గుండీలు తిప్పినప్పుడు కరకరమంటాయి. ఈ రెంటినీ బాగుచేయడం రేడియో రిపేరు తెలిసిన ఎవరికైనా చిన్న పని. నెలల తరబడి వాడని పెట్టెలోంచి బ్యాటరీలు తీసేయండి, కారిపోయి లోపలి రేకుల్ని తినేస్తాయి.

మధ్యమ శ్రుతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే యంత్రం కొన్న ఇళ్లలో ఆ గుండీని ముట్టుకున్నవాళ్లు అరుదు. హిందోళంలోనూ శ్రీరంజనిలోనూ పంచమం లేదు. పంచమం మోగుతుండగా వాటిని సాధన చేస్తే రాగంలో లేని స్వరం చెవిలో నిలబడి పోరుతుంది. పంచమాన్ని శుద్ధ మధ్యమానికి దించాలి. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, నవరోజు లాంటివాటికి ఇంకో కారణంతో అదే అమరిక కావాలి. వీటిని మధ్యమాన్నే షడ్జంగా పట్టుకుని పాడతారు. మరి పెట్టెలో మధ్యమం గుండీ లేకపోతే? ఐదో శ్రుతి వాళ్లు పెట్టెను ఒకటికి తిప్పుకోవాలి. ఒకటి షడ్జం ఐదుకు మధ్యమం, ఒకటికి పంచమం ఐదే. ఐదున్నర వాళ్లు ఒకటిన్నరకు, ఒకటి వాళ్లు నాలుగుకు, రెండు వాళ్లు ఐదుకు. రంజని మాత్రం ఈ కిటుకుకు లొంగదు. అందులో ఉన్నది ‘ప్రతి మధ్యమం’, అంటే శుద్ధ మధ్యమం కన్నా అర స్వరం పైనున్న ‘మ’. దాని పక్కన శుద్ధ మధ్యమం మోగితే రెండూ కొట్టుకుంటాయి. పంచమం వినిపించకుండా తగ్గించి షడ్జం ఒక్కటే ఉంచుకోవడం మేలు.

సంఖ్యల మాట వచ్చింది కాబట్టి, మూడున్నర శ్రుతి ఏదని అడిగే తల్లిదండ్రులకు: అది లేదు. కీబోర్డులో మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు.

పిల్ల శ్రుతి ఎంతో తేల్చడానికి మంద్ర పంచమం నుంచి తార (పై స్థాయి) గాంధారం వరకు పీక నొక్కకుండా పలుకుతోందా అన్నది చూస్తారు. ఒకసారి తేలాక కొన్ని నెలలు దాన్ని కదపకూడదు. గుండీ తిప్పడం సులువు కాబట్టి, జలుబు చేసిన రోజు ఐదు, హుషారుగా ఉన్న రోజు ఆరు అంటూ రోజుకో శ్రుతి పెట్టడం యంత్రం తెచ్చిన కొత్త జబ్బు. తంబుర శ్రుతి మార్చాలంటే అరగంట పట్టేది, అందువల్ల ఎవరూ మార్చేవారు కాదు. మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు విరిగేటప్పుడు మాత్రం మార్చక తప్పదు.

పెట్టె ఎంత గట్టిగా మోగాలి? పాడేవాళ్ల గొంతు కన్నా తక్కువగా. చెవి పక్కన పెట్టుకోకుండా, చేయి చాపితే అందేంత దూరంలో ఎదురుగా ఉంచాలి. చాలామంది గొంతులోని అపశ్రుతి వినపడకుండా పోయేంత గట్టిగా పెడతారు. వారంలో రెండు మూడుసార్లు ఒక పరీక్ష చేయండి: వర్ణం పల్లవి పాడుతుండగా ఎవరైనా వాల్యూము పూర్తిగా తగ్గించి, ఒక నిమిషం తర్వాత మళ్లీ పెంచాలి. షడ్జం ఎంత జారిందో అప్పుడు తెలుస్తుంది. ఎక్కువమందికి కిందికే జారుతుంది.

తంబుర మీటే వేగం మార్చే గుండీ కూడా ఉంటుంది. నాలుగు తంత్రుల ఆవృత్తం ఐదారు సెకన్లు పట్టేలా నిదానంగా ఉంచాలి. అది తాళంతో కలవకూడదు. కలిస్తే పిల్లలు తంబురనే తాళంగా పట్టుకుని పాడేస్తారు.

తాళం యంత్రాల్లో మొదటి తప్పు పేర్లలోనే ఉంటుంది. ఉత్తరాది యంత్రంలో రూపక్ నొక్కితే ఏడు మాత్రలు వస్తాయి. మన రూపకం ఆరు అక్షరాలు. ఝంప అనుకుని ఝప్‌తాల్ నొక్కితే పది అయితే వస్తాయి గానీ విరుపు వేరు. మిశ్ర జాతి ఝంప ఏడు, ఒకటి, రెండు. ఝప్‌తాల్ రెండు, మూడు, రెండు, మూడు. సప్త తాళ అలంకారాలకు యంత్రం వాడేవాళ్లు ధ్రువ పద్నాలుగు, మఠ్య పది, రూపకం ఆరు, ఝంప పది, త్రిపుట ఏడు, అట పద్నాలుగు, ఏక నాలుగు అని ముందు లెక్క సరిచూసుకుని మొదలుపెట్టాలి.

రెండో తప్పు కాలాలది. ఇది మరీ ఎక్కువ. సరళీ వరుసలు మొదటి కాలం నిమిషానికి 60 దగ్గర పాడించి, రెండో కాలానికి యంత్రాన్ని 120కి, మూడో కాలానికి 240కి పెంచేస్తున్నారు. యంత్రం వేగం మారకూడదు. 60 దగ్గర ఆది తాళం ఆవృత్తానికి ఎనిమిది సెకన్లు, మూడు కాలాల్లోనూ అంతే. మారాల్సింది అక్షరానికి పాడే స్వరాలు: ఒకటి, రెండు, నాలుగు. యంత్రాన్ని పరుగెత్తిస్తే చేత్తో తాళం వేయడం కుదరక పిల్లలు చేయి ఆపేస్తారు. చేయి ఆగాక, సమం (ఆవృత్తం మొదలు) తర్వాత అర అక్షరానికి ఎత్తుకునే కృతి వచ్చిన రోజున ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక యంత్రం వంక చూస్తారు. అందుకే యంత్రం మోగుతున్నా చేయి ఆడాల్సిందే. వరుసగా రెండు ఆవృత్తాలు యంత్రం గొంతు నొక్కి, మూడో ఆవృత్తం సమానికి మళ్లీ వదిలితే కాలప్రమాణం నిలిచిందో లేదో అక్కడే తేలుతుంది.

మృదంగం నేర్చుకునేవాళ్లకు రబ్బరు పలకలతో వచ్చే ఎలక్ట్రానిక్ వాయిద్యాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. జతులు, లెక్క అపార్టుమెంటులో రాత్రిపూట సాధన చేసుకోవడానికి పనికొస్తాయి. మీటు, చాపు అనే దెబ్బలు పలికేచోటు వేలికి నేర్పలేవు.

విదేశాల్లోని మన పిల్లలు, ఇప్పుడు ఇక్కడి పిల్లలు కూడా, ఆన్‌లైన్ పాఠాలు వింటున్నారు. అక్కడ తంబుర వింతగా మాయమవుతుంది. వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా ఒకేలా వచ్చే శబ్దాన్ని ఫ్యాను రొదగా భావించి తీసేస్తాయి. తంబుర గుణమే ఆగకుండా ఒకేలా మోగడం. పిల్ల వైపు నుంచి గొంతు మాత్రమే వెళ్తుంది, అది కూడా దీర్ఘ స్వరాల దగ్గర తెగుతూ వెళ్తుంది. శ్వాస నిలవలేదని గురువు అనుకుంటారు. జూమ్‌లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అనే అమరిక ఉంది, అది రెండు వైపులా వేయాలి. మిగతా యాప్‌లలో రొద తగ్గించే అమరికను ఆపాలి. తంబుర పిల్ల దగ్గర మోగాలి, గురువు దగ్గర కాదు. శబ్దం అటూ ఇటూ చేరడంలో ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి తాళం వేసే ప్రయత్నం చేయకండి. తాళం యంత్రం కూడా పిల్ల వైపే ఉండాలి.

చివరిగా ఒక విన్నపం. 1919 నుంచి నడుస్తున్న విజయనగరం కళాశాల మొదలుకొని విజయవాడ, హైదరాబాద్ వరకు మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చదివి బయటికొచ్చేవాళ్లే రేపు వీధి వీధినా పాఠాలు చెప్తారు. వాళ్ల ప్రాక్టికల్ పరీక్షలో ఒక చిన్న అంశం చేర్చాలి. పరీక్షకులు ఒక ఎలక్ట్రానిక్ తంబుర పంచమాన్ని కావాలని కాస్త పక్కకు జరిపి విద్యార్థి చేతికివ్వాలి. ట్యూనర్ లేకుండా, చెవితో దాన్ని సరిచేయమనాలి. తర్వాత అదే పెట్టెను హిందోళానికి మార్చమనాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు పడుతుంది.

ఇట్లు,
ఒక సంగీత అధ్యాపకుడు,
విజయనగరం